చలి కన్నా తేమే గడుసుది: ఆకురాలు కాలంలో పాడీపంటల ఇంటి అపోహలు - వాస్తవాలు

చలి ముదురుతోందంటే అందరూ అడిగేవి ఒకే రకం ప్రశ్నలు. కోళ్లు చలికి తట్టుకుంటాయా, పిల్లలకు జలుబు చేయదా, దాచిన కూరగాయలు పాడైపోవా అని. తేమ గురించి అడిగేవాళ్లు మాత్రం అరుదు. పల్లెలో ఇల్లు, పక్కన కోళ్ల గూడు, మేకల కొట్టం, వెనక కూరగాయల మడులు, వీటి మధ్య తిరిగే పిల్లలు. ఇంత సంసారం నడిపే తల్లికి ఆకులు రాలే రోజుల్లో పనంతా దాదాపు తేమతో పేచీయే. ఏది ఎండాలి, ఏది ఎండకూడదు, ఎక్కడ గాలి ఆడాలి, దేనికి మూత పెట్టాలి అనే చూసుకుంటూ ఉండాలి. ఈ విషయాల్లో నాకు తరచూ వినిపించే నమ్మకాలను తీసుకుని ఒక్కోదాని సంగతి రాస్తున్నాను.

అపోహ: గుడ్లు ఆగిపోయాయంటే కోళ్లకు జబ్బు చేసినట్టే.

కోడి గుడ్డు పెట్టడానికీ పగటి వెలుతురుకూ సూటి సంబంధం ఉంది. రోజుకు 14 గంటలకు తగ్గకుండా వెలుతురు ఉంటే గుడ్లు నిలకడగా వస్తాయి. పగలు 12 గంటలకు దిగేసరికి చాలా కోళ్లు తగ్గిస్తాయి, కొన్ని పూర్తిగా మానేస్తాయి. సరిగ్గా అప్పుడే ఏడాది దాటిన కోళ్లు పాత ఈకలు రాల్చుకుని కొత్తవి తెచ్చుకుంటాయి. ఈకలో దాదాపు 85 శాతం మాంసకృత్తులే. తిన్నదంతా ఈకలకే పోతుంటే ఇక గుడ్డుకేం మిగులుతుంది? గుడ్లు పెట్టే కోళ్ల మేతలో మాంసకృత్తులు మామూలుగా 16 శాతం దాకా ఉంటాయి. ఈ రెండు మూడు నెలలూ 18 నుంచి 20 శాతం ఉన్న మేత వేస్తే త్వరగా తేరుకుంటాయి. ఆ ఏడాది పుట్టిన పెట్టలు మాత్రం తొలి చలికాలంలో చాలావరకు ఈకలు రాల్చవు, గుడ్లు పెడుతూనే ఉంటాయి. అందుకే ప్రతి ఏటా కొన్ని పిల్లపెట్టలను కలుపుకునే ఇంట్లో గుడ్ల బుట్ట పూర్తిగా ఖాళీ కాదు.

జబ్బుకూ దీనికీ తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ఈకలు రాలడం తల, మెడ దగ్గర మొదలై వీపు, రొమ్ము, రెక్కల మీదుగా తోక దాకా వస్తుంది. మెడ మీది ఈకలు పక్కకు తీసి చూస్తే చర్మంలోంచి సన్నటి ముళ్లలా కొత్త ఈకలు పొడుచుకొస్తూ కనిపిస్తాయి. వాటి మొదళ్లలో ఇంకా రక్తం ఆడుతుంటుంది, చెయ్యి తగిలితే కోడికి నొప్పి. రెండో తరగతి చదివే మా చిన్నవాడికి తన కోడిని చంకన పెట్టుకుని తిరగడం అలవాటు. ఈ రోజుల్లో మాత్రం దూరం నుంచి గింజలు వేయడంతోనే సరిపెట్టుకోవాలి. కోడి చురుగ్గా తిరుగుతూ, తింటూ ఉంటే కంగారు పడనక్కరలేదు. ఓ మూల ముడుచుకుని, ముక్కు కారుతూ, మేత ముట్టకపోతే అది ఈకల సంగతి కాదు, పశువైద్యుణ్ణి పిలవాలి.

బల్బు పెట్టి గుడ్లు పెట్టించేవాళ్లూ ఉన్నారు. పెట్టేవాళ్లు దాన్ని తెల్లవారుజామున వెలిగేలా అమర్చుకోవాలి. రాత్రి పూట వెలిగించి ఒక్కసారిగా ఆర్పేస్తే, కూర్చునే కర్ర మీదికి ఇంకా ఎక్కని కోళ్లు చీకట్లో దారి తెలియక కిందే ఉండిపోతాయి. నేనైతే పెట్టను. మిగతా ఏడాదంతా గుడ్లు ఇచ్చిన ప్రాణికి కొన్నాళ్లు సెలవిస్తే మునిగిపోయేదేమీ లేదు.

అపోహ: చలికి కోళ్ల గూటిని ఎక్కడా సందు లేకుండా మూసేయాలి.

కోళ్లకు కీడు చేయాలనుకుంటే ఇంతకన్నా సులువైన దారి లేదు. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఈకలు ఉబ్బించుకుని, ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోళ్లు గట్టి చలిని కూడా తట్టుకుంటాయి. అవి తట్టుకోలేనిది తడి. వాటి ఊపిరి నుంచి, రెట్ట నుంచి రాత్రంతా ఆవిరి లేస్తూనే ఉంటుంది. అది బయటికి పోయే దారి లేకపోతే వాటి జుట్టు మీద, గడ్డం కింద వేలాడే తమ్మెల మీద చేరి గడ్డకడుతుంది. జుట్టు కొసలు నల్లబడే మంచు కాటు చాలావరకు ఇలాంటి గూళ్లలోనే చూస్తాం. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా వాటి ఊపిరితిత్తులను పాడుచేయడం దీనికి అదనం.

గూట్లో గాలి సరిపోతోందా లేదా అన్నది పొద్దున్నే తలుపు తీసినప్పుడే తెలిసిపోతుంది. కిటికీ అద్దం లోపలి వైపు నీటి బొట్లు ఉంటే తేమ ఎక్కువైనట్టు. తర్వాత వంగి, కోళ్లు కూర్చునే ఎత్తులో ఊపిరి పీల్చి చూడాలి. కళ్లు మండాయంటే గాలి చాలడం లేదు. పిల్లల ముక్కు మనకన్నా ఆ ఎత్తుకు దగ్గర, కాబట్టి "అమ్మా, కంపు" అంటే కసరకుండా వెళ్లి చూడండి. గాలి సందులు కోళ్లు కూర్చునే కర్రకన్నా పైన ఉండాలి, చలిగాలి నేరుగా వాటి ఒంటికి కొట్టకూడదు. ఇక వేడి కోసం వేలాడదీసే దీపాలంటే నాకు హడల్. పొడి గడ్డి, దుమ్ము, ఎగిరే ఈకలు, వాటి మధ్య కణకణలాడే దీపం. గూళ్లు తగలబడటానికి ఇంతకన్నా ఏం కావాలి?

అపోహ: పంటంతా ఒకే చల్లటి గదిలో పెట్టేస్తే చలికాలం గడిచిపోతుంది.

కూరగాయలన్నింటికీ ఒకే వసతి సరిపడదు. ఎవరి గొడవ వారిదే.

గుమ్మడికాయకు చల్లదనం పనికిరాదు. 10 డిగ్రీల కన్నా తక్కువలో ఉంచితే తోలు మీద మచ్చలు పడి, మెత్తబడి కుళ్లుతుంది. తోలు మీద బొటనవేలి గోరు నొక్కితే గాటు పడనప్పుడే అది కోతకు వచ్చినట్టు. తొడిమను నాలుగు వేళ్ల వెడల్పు ఉంచి కత్తితో కోయాలి, ఆ తొడిమ పట్టుకుని మోయకూడదు. తొడిమ ఊడిన చోటే కుళ్లు మొదలవుతుంది. పిల్లలకు ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే వాళ్ల కంటికి తొడిమ అంటే పిడి. కోశాక 27 నుంచి 29 డిగ్రీల వెచ్చదనంలో, గాలి ఆడే చోట పది రోజుల దాకా ఆరనిస్తే తోలు గట్టిపడుతుంది. ఆ తర్వాత 10 నుంచి 15 డిగ్రీలు ఉండే పొడి గదిలో, ఒకదానికొకటి తగలకుండా, ఒకే వరసలో పెట్టాలి. గుట్టగా పోస్తే అడుగున ఏం జరుగుతోందో వాసన వచ్చేదాకా తెలియదు.

ఉల్లిపాయ మెడ పూర్తిగా ఎండాలి. రెండు మూడు వారాలు నీడలో గాలికి ఉంచి, మెడ దగ్గర వేళ్లతో నలిపితే గలగలమనాలి. తడి ఏమాత్రం తగిలినా దాన్ని ముందు వాడేసే బుట్టలో వేయాలి. ఎండిన ఉల్లికి గడ్డకట్టనంత వరకు చల్లదనం ఎంత ఉన్నా మంచిదే, తేమ మాత్రం వద్దు. బంగాళాదుంప దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి చీకటి కావాలి, గాలిలో తేమ కావాలి, 4 నుంచి 7 డిగ్రీల చల్లదనం కావాలి. తవ్విన వెంటనే కాదు, ముందు రెండు వారాలు 10 నుంచి 15 డిగ్రీల్లో ఉంచితే తవ్వేటప్పుడు తగిలిన గీతలు మానుతాయి. మట్టి దులిపితే చాలు, కడగకూడదు. ఉల్లినీ బంగాళాదుంపనూ ఒకే బుట్టలో పెట్టొద్దనడానికి కారణం ఇదే, ఒకదానికి పనికొచ్చే గాలి మరొకదాన్ని కుళ్లబెడుతుంది. క్యారెట్లకు ఆకులు కోసేసి తడి ఇసుకలో వరసలుగా పేర్చి, సున్నాకు కాస్త పైన ఉంచితే నెలల తరబడి కరకరలాడతాయి. వాటి దగ్గర ఆపిల్ పండ్లు ఉంచకండి. పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు వల్ల క్యారెట్ చేదెక్కుతుంది.

ఇక్కడే ఇంకో మాట. పచ్చబడిన బంగాళాదుంపను "తోలు తీసి ఉడికిస్తే పోతుంది" అంటారు. ఆ పచ్చరంగు ఆకుల్లో ఉండే పత్రహరితమే, దానితో హాని లేదు. కానీ వెలుతురు తగిలి అది పుట్టిన చోట సొలనైన్ అనే విషపదార్థం కూడా పెరిగి ఉంటుంది. ఉడికించినంత మాత్రాన అది పోదు. కొద్దిగా పచ్చబడితే ఆ భాగాన్ని లోతుగా కోసి పారేయవచ్చు. బాగా పచ్చబడినా, నాలుకకు చేదు తగిలినా మొత్తం పారేయాలి. పిల్లల ఒంటి బరువు తక్కువ కాబట్టి వాళ్ల పళ్లెంలో ఈ విషయంలో పొదుపు చూపించవద్దు.

అపోహ: సీసా మూత గట్టిగా అంటుకుంటే లోపలిది భద్రమే.

ఈ జాబితాలో ప్రాణం తీసేవి కొన్ని ఉన్నాయి. వాటిలో ఇది మొదటిది. నిల్వ కోసం కూరగాయలో పండ్లో నింపి, మూత పెట్టి వేడిచేసిన సీసా చల్లారేటప్పుడు మూత లోపలికి లాగుకుని టక్కుమంటుంది. వినడానికి ఆ చప్పుడు బాగుంటుంది. అది చెప్పేది లోపలికి గాలి పోలేదని మాత్రమే. క్లోస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి కోరుకునేది సరిగ్గా అదే. గాలి లేని, తేమ ఉన్న, పులుపు తక్కువ ఉన్న చోట అది పెరిగి విషం తయారుచేస్తుంది. ఆ విషానికి రంగు, రుచి, వాసన ఏవీ ఉండనక్కరలేదు. మూత ఉబ్బలేదు కాబట్టి బాగానే ఉందనుకోవడానికీ లేదు. అది నరాలను పట్టి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం దగ్గర మొదలై ఊపిరి ఆడనివ్వని స్థితి దాకా తీసుకెళ్తుంది.

నీళ్లు ఎంతసేపు మరిగినా 100 డిగ్రీలు దాటవు. ఈ సూక్ష్మజీవి బీజాలు ఆ వేడికి చావవు. 116 నుంచి 121 డిగ్రీల వేడి పీడనంలోనే వస్తుంది. అందుకని పులుపు లేని బీన్స్, మొక్కజొన్న, క్యారెట్, మాంసం సీసాల్లో పెట్టాలంటే దానికోసమే తయారైన పెద్ద ప్రెషర్ కేనర్ కావాలి. వంటింటి ప్రెషర్ కుక్కర్ సరిపోదు. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, పరీక్షించిన పద్ధతిలో లెక్కకట్టిన వేడి సీసా నడిమికి అందదు. మరిగే నీళ్లలో ఉంచే పద్ధతి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లేదా అంతకన్నా తక్కువ ఉన్న పుల్లటి వాటికే, అంటే పండ్ల జామ్‌లకు, వెనిగర్ తగినంత పోసిన ఊరగాయలకు.

టమాటా పుల్లగానే ఉంటుంది కదా అంటారు. అది సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది, కొన్ని రకాలు దాటేస్తాయి. కాబట్టి సుమారు లీటరు సీసాకు 2 పెద్ద చెంచాల నిమ్మరసం కలపాలి, అదీ దుకాణంలో సీసాలో అమ్మేది. తాజా నిమ్మకాయ పులుపు కాయకో రకంగా ఉంటుంది. ఎత్తైన ప్రాంతాల్లో ఉండేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, కాబట్టి సమయమో పీడనమో పెంచాలి. వంటలో చేతి కొలతలు నాకూ ఇష్టమే. సీసాల పని నాడు మాత్రం గడియారం, థర్మామీటర్, కాగితం మీద రాసుకున్న లెక్కలు దగ్గర పెట్టుకుంటాను. ఆ రోజు పిల్లలను వంటింట్లోకి రానివ్వను. ధ్యాస రెండు వైపులా ఉంటే ఈ పని కుదరదు.

అపోహ: మన పెరట్లో తీసిన స్వచ్ఛమైన తేనె పసిపిల్లల దగ్గుకు మందు.

ఏడాది నిండని బిడ్డకు చుక్క కూడా వద్దు. పైన చెప్పిన సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగుల్లో అవి సాధారణంగా మొలకెత్తలేవు, పసివాళ్ల పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయగలవు. తేనె స్వచ్ఛతతో దీనికి సంబంధం లేదు. ఏడాది దాటాక పెట్టుకోవచ్చు.

అపోహ: మట్టిలో, పశువుల మధ్య పెరిగే పిల్లలకు జబ్బులే రావు.

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే చిక్కు. అమెరికాలో 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఇండియానాలోని ఆమిష్ అనే క్రైస్తవ రైతు సమాజపు పిల్లలనూ దక్షిణ డకోటాలోని హట్టరైట్ అనే అలాంటి మరో సమాజపు పిల్లలనూ పోల్చింది. రెండు సమాజాల మూలాలూ జీవనమూ దాదాపు ఒకటే. ఆమిష్‌లు ఇంటి పక్కనే ఆవులను పెట్టుకుని పాత పద్ధతిలో సేద్యం చేస్తారు, హట్టరైట్‌లవి యంత్రాలతో నడిచే పెద్ద పొలాలు. ఆమిష్ పిల్లల్లో ఆస్తమా 5 శాతం దగ్గర ఉంటే హట్టరైట్ పిల్లల్లో 21 శాతం దగ్గర ఉంది. ఆమిష్ ఇళ్ల దుమ్ములో పశువుల కొట్టం నుంచి వచ్చే సూక్ష్మజీవుల అవశేషాలు చాలా ఎక్కువగా కనిపించాయి.

ఇది ఆస్తమా, అలర్జీల సంగతి. దీన్ని పట్టుకుని చేతులు కడగడం మానేస్తే మాత్రం ఒప్పుకోను. కోళ్ల ఒంటి మీద జబ్బు చేసే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు, కోడి చూడటానికి శుభ్రంగా ఉన్నా సరే. గూటి నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి, కోడిపిల్లలను ముద్దు పెట్టుకోకూడదు, 5 ఏళ్ల లోపు పిల్లల చేతికి వాటిని ఇవ్వకపోవడమే మేలు. పచ్చిపాలు కూడా అంతే. మన మేక, మన చేతులు, మన గిన్నె అయినా పొదుగుకు అంటిన పేడ రేణువు ఒక్కటి చాలు. పచ్చిపాల ద్వారా వచ్చే ఇ.కోలై అనే సూక్ష్మజీవిలో కొన్ని రకాలు చిన్నపిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. 63 డిగ్రీల్లో 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల్లో 15 సెకన్లు వేడిచేస్తే సరిపోయే దానికి పంతాలెందుకు?

అన్నట్టు, చలిలో ఆడితే జలుబు చేయదు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. చలికి అందరూ తలుపులు మూసుకుని ఒకే గదిలో చేరడం వాటికి బాగా కలిసొస్తుంది. తడిసిన మేజోళ్లు మార్చి మళ్లీ బయటికి పంపించండి.

అపోహ: ఈ నెలలో కొట్టిన కట్టెలు ఈ చలికే పనికొస్తాయి.

రావు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్లే ఉండవచ్చు. పొయ్యిలోకి వెళ్లే కట్టెలో తేమ 20 శాతానికి తగ్గాలి. చీల్చి పేర్చిన కట్టెకు అందుకు కనీసం ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఇప్పుడు కొట్టేది వచ్చే ఏటికి. ఎండిన కట్టె కొసల్లో పగుళ్లుంటాయి, బెరడు చేత్తో ఊడివస్తుంది, రెండు కట్టెలను కొట్టి చూస్తే ఖంగుమంటుంది. పచ్చిదైతే మొద్దు చప్పుడే. పచ్చి కట్టె కాల్చితే పొగగొట్టంలో జిగట మసి పేరుకుని ఏదో ఒక రోజు అదే అంటుకుంటుంది. కట్టెల పేర్పును నలువైపులా టార్పాలిన్‌తో చుట్టేసేవాళ్లను చూస్తుంటే ఆగలేను. పైన మాత్రమే కప్పాలి, పక్కలు వదలాలి, అడుగున నేల తగలకుండా దుంగలు వేయాలి.

ఇంతకన్నా ప్రమాదం తడి గడ్డి. సరిగా ఎండకుండా కొట్టంలో పేర్చిన గడ్డి మోపులు లోపల్లోపలే వేడెక్కి, వారాల తర్వాత వాటంతట అవే రాజుకోగలవు. మాడిన చక్కెర లాంటి వాసన, పైకి లేచే ఆవిరి దానికి గుర్తులు. పొడవైన థర్మామీటరు గుచ్చినప్పుడు 65 డిగ్రీలు దాటితే రోజుకు రెండు సార్లు చూడాలి. 80కి చేరువైతే మోపులు కదపకూడదు, లోపలికి గాలి పోగానే భగ్గుమంటుంది. ముందు అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి. వేడెక్కిన గడ్డి మీదికి పిల్లలను ఎక్కనివ్వవద్దు, లోపల బోలుగా కాలిపోయి ఉంటే కూలిపోతుంది.

అపోహ: రాలిన ఆకులు చెత్త, కాల్చేయాలి.

కాలిస్తే మిగిలేది పొగ. పొడిగా ఉన్నప్పుడు సంచుల్లో నింపితే చలికాలమంతా కోళ్ల గూటి అడుగున పరుపు. తడిపి ఓ మూల గుట్ట పోస్తే ఏడాది రెండేళ్లలో మట్టిని మెత్తగా, తడి నిలిచేలా చేసే ఆకుమాగుడు. తెగులు పట్టిన ఆకులను మాత్రం ఇందులో కలపకండి.

అపోహ: పురుగులు తిన్న పుట్టగొడుగు మనమూ తినవచ్చు. వెండి చెంచా నల్లబడకపోతే మంచిదే.

రెండూ అబద్ధాలే. ప్రాణం తీసే అమనైటా ఫాలాయిడిస్ అనే పుట్టగొడుగును నత్తలు, పురుగులు హాయిగా తింటాయి, వెండి నల్లబడదు, ఉడికించినా విషం పోదు. వాంతులు మొదలయ్యేది తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా. మధ్యలో తగ్గినట్టే అనిపించి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. మా పిల్లలకు నియమం ఒక్కటే: చూడవచ్చు, ఇంట్లోకి తేకూడదు.

అపోహ: పిల్లలు పనిలో చేయి వేస్తే తల్లికి భారం తగ్గుతుంది.

ఎప్పటికో తగ్గుతుంది. ఐదేళ్ల బిడ్డతో గుడ్లు ఏరిస్తే మీరు ఏరడానికి పట్టే సమయానికి మూడింతలు పడుతుంది, ఒకటి రెండు పగులుతాయి కూడా. అది సాయం కాదు, నేర్పడం. రెండింటినీ ఒకే లెక్కలో వేసుకున్న తల్లి సాయంత్రానికి అరుస్తుంది. అందుకే తొందర ఉన్న పనులు నేనొక్కదాన్నే చేసుకుంటాను, తొందర లేనివి వాళ్లతో చేయిస్తాను. వారానికోసారి గుమ్మడికాయలు, ఉల్లిపాయలు ఒక్కొక్కటి తాకి చూసి మెత్తబడినవి ఏరడం మా పెద్దమ్మాయి పని. ఆ పనిలో ఆమె వేళ్లు నా కళ్లకన్నా నయం. ట్రాక్టరు మీద పక్కన కూర్చోబెట్టుకోవడం, కట్టెలు చీల్చే చోట నిలబడనివ్వడం మాత్రం పని నేర్పడంలోకి రావు. ఒక్కరు కూర్చునే బండి మీద ఇద్దరు ఎక్కకూడదు, ఎంత దగ్గర దూరమైనా.

అపోహ: తొలి మంచు పడేలోగా తోటంతా ఖాళీ చేయాలి.

ఈ నమ్మకంతోనే తల్లులు ఆ వారం నడుము విరగ్గొట్టుకుంటారు. మంచుకు ఒక్క రాత్రిలో చచ్చేవి టమాటా, బీన్స్, మిరప, గుమ్మడి. వాటిని ముందు కోయండి. క్యాబేజీ, క్యారెట్ ఆగగలవు. చలి తగిలితే వాటిలో చక్కెరలు పెరిగి ఇంకా తియ్యబడతాయి. వెల్లుల్లినైతే నేల గడ్డకట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు నాటాలి. రెబ్బలుగా విడివడటానికి దానికి చలి కావాలి.

పచ్చి టమాటాలను కిటికీలో ఎండకు వరసగా పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. పండటానికి వాటికి వెలుతురు అక్కరలేదు, వెచ్చదనం చాలు. దెబ్బ తగలనివి ఏరి, తడి తుడిచి, అట్టపెట్టెలో ఒకే వరసలో పరిచి 15 నుంచి 20 డిగ్రీలు ఉండే గదిలో ఉంచండి. రోజూ మూత తీసి, బూజు పట్టినది ఉంటే తీసేయండి.